పంటకు పన్ను లేదు, మరి మిగతా డబ్బుకు? ఆదాయపు పన్నుపై రైతులు అడిగే ప్రశ్నలు

వ్యవసాయ ఆదాయంపై ఆదాయపు పన్ను లేదన్న సంగతి రైతులందరికీ తెలుసు. ఆ మాట నిజమే. అయితే రైతు చేతికొచ్చే ప్రతి రూపాయీ వ్యవసాయ ఆదాయం కాదు. పాల డబ్బులు, కోళ్ల ఫారం, చేపల చెరువు, ట్రాక్టరు కిరాయి, సెల్ టవర్ అద్దె, బ్యాంకు డిపాజిట్ మీద వడ్డీ... వీటికి పంటకు ఉన్న మినహాయింపు లేదు. ఇంకోవైపు "మనం రైతులం, మనకు పన్నుతో పనేంటి" అనుకుని రిటర్న్ వేయకుండా ఊరుకున్నవాళ్లు, బ్యాంకు ముందే కోసి ప్రభుత్వానికి కట్టిన తమ సొంత డబ్బును వదులుకుంటున్నారు. చిన్న రైతుకు పన్ను పడే సందర్భాలు తక్కువే. పడని పన్ను కింద డబ్బు పోగొట్టుకునే సందర్భాలే ఎక్కువ. అందుకే ఈ వ్యాసంలో దాని గురించి కాస్త వివరంగా చెబుతున్నాం.

ఇక్కడ ఇచ్చిన అంకెలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి, అంటే 2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 వరకు వచ్చిన ఆదాయానికి వర్తించేవి. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే ఆదాయానికి కొత్త ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది. అందులో సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి ఇక్కడ సెక్షన్ల జోలికి పోవడం లేదు.

ఏది వ్యవసాయ ఆదాయం, ఏది కాదు?

చట్టం చూసేది ఒక్కటే: భూమిని దున్ని, విత్తి, సాగు చేసి తీసిన దిగుబడా, కాదా? వరి, పత్తి, మిర్చి, మామిడి, కొబ్బరి, కూరగాయలు, పూలు, నాటి పెంచిన సుబాబుల్, జామాయిల్ అన్నీ వ్యవసాయ ఆదాయమే. పంటను అమ్మకానికి వీలుగా తయారు చేసుకోవడానికి రైతు మామూలుగా చేసే పనులు కూడా సాగు కిందికే వస్తాయి. పసుపు ఉడకబెట్టి ఆరబెట్టడం, పొగాకు క్యూరింగ్ చేయడం లాంటివి ఈ కోవలోవే. అదే మిర్చిని కారం పట్టించి ప్యాకెట్లు కట్టి అమ్మితే, అక్కడి నుంచి వచ్చే అదనపు లాభం వ్యాపారం అవుతుంది.

కడియం ప్రాంతంలోలా నర్సరీ పెట్టి మొక్కలు, నారు అమ్మితే వచ్చే ఆదాయాన్ని చట్టం స్పష్టంగా వ్యవసాయ ఆదాయమనే చెప్పింది. పాడి మాత్రం కాదు. గేదెలు మన పొలంలో గడ్డే మేసినా పాల మీద వచ్చేది వ్యాపార ఆదాయమే. కోళ్లు, గొర్రెలు, తేనెటీగలు, చేపలు, రొయ్యలు కూడా అంతే. పట్టుకు వస్తే, మల్బరీ ఆకు పెంచి అమ్మితే వ్యవసాయం. పురుగులను పెంచి గూళ్లు తీస్తే ఆ లాభం వ్యవసాయం కాదు.

కాపు మీదున్న మామిడి తోటను వ్యాపారికి గుత్తకు ఇచ్చిన రైతుకు వచ్చే డబ్బు వ్యవసాయ ఆదాయం. ఆ కాపు కొని కోయించి అమ్ముకున్న వ్యాపారికి వచ్చే లాభం మాత్రం వ్యాపార లాభమే, ఎందుకంటే ఆయన సాగు చేయలేదు.

కౌలు రైతు సంగతి?

భూమి తన పేరున లేకపోయినా, సాగు చేసేది కౌలు రైతే కాబట్టి ఆయనకు పంట మీద వచ్చేది వ్యవసాయ ఆదాయమే. భూయజమానికి వచ్చే కౌలు కూడా వ్యవసాయ ఆదాయమే, ఆ భూమిలో సాగు జరుగుతున్నంత వరకు. అదే భూమిని చేపల చెరువుకో, సోలార్ కంపెనీకో, సెల్ టవర్‌కో ఇస్తే వచ్చే అద్దెకు ఈ మినహాయింపు లేదు. భీమవరం, కైకలూరు వైపు చెరువుల లీజు డబ్బును కూడా చాలామంది "పొలం కౌలు" అనే అనుకుంటారు. ఆ అలవాటు మాట రిటర్న్‌లోకి వస్తే ఇబ్బంది.

కౌలు రైతుకు అసలు కష్టం రుజువు దగ్గర. ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారు హక్కు పత్రం, ఈ-పంట నమోదు ఉంటే చాలావరకు సరిపోతుంది. లేకపోతే కౌలు రాసుకున్న కాగితం, పంట అమ్మినప్పుడు మార్కెట్ యార్డులో ఇచ్చిన తక్‌పట్టీలు దాచుకోవాలి.

నాలుగు గేదెలున్నాయి, పాల డబ్బు బ్యాంకులో పడుతోంది. పన్ను పడుతుందా?

దాదాపుగా పడదు. పాల డబ్బు పూర్తిగా లాభం కాదు కదా. డెయిరీ వారు బ్యాంకు ఖాతాలో వేసే డబ్బుకు లెక్కల పుస్తకాలు రాయకుండా, అమ్మకాల్లో కనీసం 6 శాతం లాభంగా చూపించే వీలు చిన్న వ్యాపారాలకు ఉంది. నగదు అయితే 8 శాతం. నిజంగా అంతకంటే ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపాలి. ఏడాదికి 6 లక్షల పాలు పోస్తే 6 శాతం చొప్పున 36 వేలు. పంట కాకుండా మిగతా ఆదాయమంతా కలిపి 4 లక్షలు దాటకపోతే, కింద చెప్పే ప్రత్యేక సందర్భాలు తప్ప, రిటర్న్ వేయాల్సిన పనే లేదు. 12 లక్షల వరకు కొత్త పన్ను విధానంలో రిబేటు ఉంది కాబట్టి పన్ను సున్నా అవుతుంది. రిబేటు పొందాలంటే మాత్రం 4 లక్షలు దాటినవాళ్లు రిటర్న్ వేయాల్సిందే.

ఈ రెండు అంకెల తేడా గుర్తుంచుకోండి. 4 లక్షలు రిటర్న్ వేయడానికి హద్దు. 12 లక్షలు పన్ను పడటానికి హద్దు. "12 లక్షల దాకా ఏమీ అక్కర్లేదట" అని ఊళ్లో చెప్పుకునే మాటలో సగమే నిజం.

భూమి పోయి పరిహారం వచ్చింది. బ్యాంకులో వేశాం. ఏం చేయాలి?

రైతులు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. లెక్కతో చూద్దాం.

రోడ్డు కోసం భూమి పోయిన 52 ఏళ్ల రైతుకు ఏప్రిల్ మొదట్లో 60 లక్షల పరిహారం సేవింగ్స్ ఖాతాలో పడిందనుకుందాం. ఊళ్లోని సాగు భూమిని ప్రభుత్వం తీసుకుని ఇచ్చిన పరిహారం మీద పన్ను లేదు. ఆయన ఆ మొత్తాన్ని 7 శాతం వడ్డీకి డిపాజిట్ చేశారు. ఏడాదికి వడ్డీ 4 లక్షల 20 వేలు. పరిహారానికి పన్ను లేకపోయినా, దాని మీద వచ్చే వడ్డీ వ్యవసాయ ఆదాయం కాదు. పొలం అమ్మిన డబ్బయినా, పంట డబ్బయినా, బ్యాంకులో వేశాక వచ్చే వడ్డీ వడ్డీయే.

ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50 వేలు దాటితే బ్యాంకు 10 శాతం టీడీఎస్ కోస్తుంది. 60 ఏళ్లు నిండినవారికి ఈ హద్దు లక్ష రూపాయలు. పాన్ ఇవ్వకపోతే, లేదా ఆధార్‌తో లింకు కాక పాన్ పనిచేయకుండా పోతే 20 శాతం కోస్తారు. మన రైతుకు పాన్ సరిగ్గానే ఉంది కాబట్టి 42 వేలు కోశారు.

ఇప్పుడు ఆయనకు అసలు పన్ను ఎంత? 4 లక్షల వరకు లేదు. మిగిలిన 20 వేల మీద 5 శాతం, అంటే వెయ్యి రూపాయలు. అది రిబేటులో పోతుంది. పన్ను సున్నా. కోసిన 42 వేలూ ఆయనవే. కానీ అడగందే రావు. అడగడమంటే రిటర్న్ వేయడమే.

"ఫారం 15జీ ఇస్తే కోయరు కదా" అని కొందరు అడుగుతారు. 60 ఏళ్లలోపు వారు 15జీ ఇవ్వాలంటే పన్ను సున్నా అయితే చాలదు, వడ్డీ మొత్తం కూడా 4 లక్షలు దాటకూడదు. ఈయన వడ్డీ 4 లక్షల 20 వేలు కాబట్టి 15జీ చెల్లదు. తెలియక ఇచ్చినా అది తప్పుడు ప్రకటన అవుతుంది. అదే 60 దాటిన రైతు అయితే 15హెచ్ ఇవ్వవచ్చు. ఆయనకు మొత్తం మీద పన్ను సున్నా అయితే చాలు. వడ్డీ హద్దు అడ్డురాదు. ఈ ఫారాలు ఏటా ఆర్థిక సంవత్సరం మొదట్లోనే కొత్తగా ఇవ్వాలి, పోయినేడు ఇచ్చింది ఈ ఏడాదికి పనికిరాదు. కొత్త చట్టంలో ఫారాల నంబర్లు మారతాయి. బ్యాంకులో "వడ్డీ మీద పన్ను కోయకుండా ఇచ్చే ఫారం" అని అడిగితే చాలు.

ఇంకో సంగతి. ఏడాదిలో సేవింగ్స్ ఖాతాల్లో కలిపి 50 లక్షలు, ఆపైన జమ పడితే, పన్ను ఉన్నా లేకపోయినా రిటర్న్ వేయడం తప్పనిసరి. టీడీఎస్ 25 వేలు దాటినా అంతే, 60 దాటినవారికి 50 వేలు. కాబట్టి పరిహారం వచ్చిన రైతు "నాకు పన్ను లేదు" అని ఊరుకుంటే రెండు విధాలా పొరపాటే. కరెంటు బిల్లులు ఏడాదికి లక్ష దాటినా, విదేశీ ప్రయాణానికి 2 లక్షలకు మించి మీరు ఖర్చు పెట్టినా ఇదే నియమం. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు దీన్ని గమనించాలి. టికెట్లు పిల్లలే కొంటే ఆ ఖర్చు మీది కాదు.

పరిహారం సరిపోలేదని కోర్టుకెళ్తే, ఆలస్యానికి వడ్డీ కలిపి ఇస్తారు. ఆ వడ్డీలో సగం తీసేసి, మిగతా సగాన్ని చేతికొచ్చిన ఏడాది ఆదాయంగా లెక్కిస్తారు. ఈ ఒక్క విషయానికి మాత్రం నెట్ సెంటర్‌ను నమ్ముకోకుండా ఆడిటర్ దగ్గరికి వెళ్లడం మేలు. మొత్తం పెద్దది, లెక్కలో వాదనలకు చోటుంది.

డబ్బులో సగం భార్య పేరున వేస్తే టీడీఎస్ తప్పుతుందా?

బ్యాంకులో తప్పవచ్చు, లెక్కలో తప్పదు. భర్త తన డబ్బును భార్యకు ఇచ్చి ఆమె పేరున డిపాజిట్ చేస్తే, ఆ వడ్డీని భర్త ఆదాయంలోనే కలపాలని చట్టం చెబుతోంది. భూమి మొదటి నుంచి ఆమె పేరునే ఉండి, పరిహారం ఆమెకే వస్తే అది ఆమె ఆదాయం. పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలకు ఇచ్చేస్తే వడ్డీ వాళ్ల ఆదాయమవుతుంది. అయితే ఇచ్చేసిన డబ్బు వాళ్లదైపోతుందన్నది కూడా ఆలోచించుకోవాలి మరి.

రిటర్న్ వేస్తే పీఎం కిసాన్ ఆగిపోతుందా?

ఈ భయంతోనే చాలామంది రిటర్న్ జోలికి పోరు. పీఎం కిసాన్ నిబంధన ప్రకారం గత అసెస్‌మెంట్ సంవత్సరంలో ఆదాయపు పన్ను చెల్లించినవారు అనర్హులు. రిటర్న్ వేయడం, పన్ను చెల్లించడం ఒకటి కాదు. పన్ను సున్నా అయి, కోసినది తిరిగి వచ్చిన రైతు ఆ నిబంధన ప్రకారం పన్ను చెల్లించినవారు కారు.

ఆ పథకంలో కుటుంబమంటే భర్త, భార్య, మైనర్ పిల్లలు. వీరిలో ఒక్కరు పన్ను కట్టినా కుటుంబానికి డబ్బు రాదు. హైదరాబాదులో ఉద్యోగం చేసే పెద్ద కొడుకు పన్ను కట్టినంత మాత్రాన ఊళ్లో తల్లిదండ్రులకు రావాల్సినవి ఆగవు.

నిజంగా జాగ్రత్త పడాల్సింది వేరే చోట. ట్రాక్టరు లోనుకో, ఇంటి లోనుకో "ఐటీఆర్ కావాలి" అన్నప్పుడు, లేని వ్యాపార ఆదాయం చూపించి రిటర్న్ వేసిపెట్టే ఏజెంట్లు ఉన్నారు. లోను త్వరగా వస్తుందని ఒప్పుకుంటే, ఆ అబద్ధపు ఆదాయం మీ పాన్ మీద నిలిచిపోతుంది. దాని మీద పన్ను కట్టాల్సి వస్తే పీఎం కిసాన్ పోతుంది. అలాగే లేని ఖర్చులు, విరాళాలు చూపించి "రీఫండ్ తెప్పిస్తాం, వచ్చిన దాంట్లో వాటా ఇవ్వండి" అనేవారి మాట వినకండి. నోటీసు వచ్చేది పాన్ ఎవరిదో వారికే. బంధువులెవరైనా తమ డబ్బును మీ పంట డబ్బుగా చూపించమని పాసుపుస్తకం అడిగినా ఇదే జవాబు.

ఉద్యోగం ఉంది, పొలమూ ఉంది. పంట ఆదాయం చూపాలా?

చూపాలి. పంట మీద నేరుగా పన్ను పడదు గానీ, ఉద్యోగ ఆదాయం మీద పన్ను రేటు లెక్కించేటప్పుడు దాన్ని కలుపుతారు. ఈ లెక్క చిన్న రైతు కంటే, సొంత పేరున పొలం ఉన్న ఉద్యోగి బిడ్డలకు ఎక్కువ అవసరం. పంట ఆదాయం 5 వేలు దాటి, మిగతా ఆదాయం 4 లక్షలు దాటితే ఇది వర్తిస్తుంది. 12 లక్షల లోపు వారిలో చాలామందికి రిబేటు వల్ల పన్ను సున్నా అవుతుంది.

తగ్గింపులు పోను జీతం 14 లక్షలు, ఖర్చులు పోను పంట ఆదాయం 3 లక్షలు ఉంటే: ముందు 17 లక్షల మీద పన్ను లెక్కిస్తారు, అది 1 లక్షా 40 వేలు. తర్వాత పంట 3 లక్షలకు 4 లక్షలు కలిపి, 7 లక్షల మీద పన్ను లెక్కిస్తారు, అది 15 వేలు. తేడా 1 లక్షా 25 వేలు, దాని మీద 4 శాతం సెస్సు కట్టాలి. పొలం లేకపోతే పన్ను 90 వేలే. పంట ఆదాయం దాచిపెట్టాలన్న ఆశ పుట్టేది ఈ తేడా చూసే. కానీ పంట డబ్బు బ్యాంకులో పడ్డాక, అది ఎక్కడిదని అడిగితే రిటర్న్‌లో లేని ఆదాయానికి జవాబు చెప్పుకోవడం కష్టం.

ఏ ఫారం వేయాలి?

పంట ఆదాయం 5 వేల రూపాయల లోపు ఉంటేనే ఐటీఆర్-1 వేయవచ్చు. దాటితే, వడ్డీ, జీతం, పెన్షన్ ఉన్నవారు ఐటీఆర్-2 వేయాలి. పాడి, కోళ్లు, కిరాయి ట్రాక్టరు లాంటి వ్యాపార ఆదాయం కూడా ఉంటే ఐటీఆర్-3. నెట్ సెంటర్లలో పని తొందరగా అవుతుందని అందరికీ ఐటీఆర్-1 వేసి, పంట గడిలో సున్నా పెట్టేస్తుంటారు. మీ ముందే కూర్చుని ఆ గడి చూడండి. పంట నికర ఆదాయం 5 లక్షలు దాటితే జిల్లా, పిన్ కోడ్, ఎన్ని ఎకరాలు, సొంతమా కౌలా, నీటి వసతి ఉందా వర్షాధారమా అన్నవి కూడా నింపాలి.

పొలం అమ్మితే?

ఊళ్లోని సాగు భూమి అమ్మితే లాభం మీద పన్ను లేదు. "ఊరు" అంటే ఏమిటన్నదే ప్రశ్న. భూమి మున్సిపాలిటీ పరిధిలో ఉండకూడదు. 10 వేల నుంచి లక్ష వరకు జనాభా ఉన్న మున్సిపాలిటీకి 2 కిలోమీటర్లు, లక్ష నుంచి 10 లక్షల వరకు ఉంటే 6 కిలోమీటర్లు, 10 లక్షలు దాటితే 8 కిలోమీటర్ల అవతల ఉండాలి. దూరం రోడ్డు మీద కొలవరు, నేరుగా గీత గీసినట్టు మున్సిపాలిటీ హద్దు నుంచి కొలుస్తారు. హద్దులు పెరుగుతున్న ఊళ్ల పక్కన భూమి ఉన్నవారు అమ్మే ముందే దీన్ని తేల్చుకోవాలి. సాగు మానేసి ప్లాట్లు వేశాక అది ఇక వ్యవసాయ భూమి కాదు.

పట్టణ పరిధిలోని సాగు భూమికి లాభం మీద పన్ను ఉంటుంది. అయితే అమ్మే ముందు రెండేళ్లు మీరో, మీ తల్లిదండ్రులో సాగు చేసి ఉండి, ఆ లాభంతో రెండేళ్లలో వేరే సాగు భూమి కొంటే ఆ మేరకు మినహాయింపు దొరుకుతుంది. అమరావతి భూ సమీకరణలో భూమి ఇచ్చినవారికి, 2014 జూన్ 2 నాటికి ఆ భూమి వారిదే అయితే, వేరే మినహాయింపు ఉంది.

పంట అమ్మినా, పొలం అమ్మినా, ఒకరి దగ్గర ఒక రోజులోగానీ ఒకే లావాదేవీకిగానీ 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవద్దు. జరిమానా తీసుకున్నవారికే, అదీ తీసుకున్నంత మొత్తం.

ఎప్పటిలోగా, ఏ కాగితాలతో?

ఐటీఆర్-1, 2 వేసేవారికి గడువు జులై 31. ఒక్కో ఏడాది ప్రభుత్వం పొడిగిస్తుంది, పోయినేడు సెప్టెంబరు 16 వరకు ఇచ్చారు. దాన్ని నమ్ముకోకండి. గడువు దాటితే డిసెంబరు 31 వరకు వేయవచ్చు గానీ, ఆదాయం 5 లక్షల లోపు వారికి వెయ్యి, పైవారికి 5 వేల వరకు ఆలస్య రుసుము పడుతుంది. 4 లక్షల లోపు ఆదాయం ఉండి, పైన చెప్పిన తప్పనిసరి సందర్భాల్లోకి రానివారికి అదీ లేదు. డిసెంబరు కూడా దాటిపోతే, తర్వాత వేసే అప్‌డేటెడ్ రిటర్న్‌లో రీఫండ్ అడగడానికి వీల్లేదు. పైన చెప్పిన రైతు 42 వేలు అలాగే చిక్కుకుపోతాయి.

వెళ్లేటప్పుడు పాన్, ఆధార్, ఆధార్‌కు లింకైన ఫోను, బ్యాంకు పాసుపుస్తకం, డిపాజిట్ల వడ్డీ ధ్రువపత్రం తీసుకెళ్లండి. ముందుగా ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో మీ 26ఏఎస్, ఏఐఎస్ తీయించి, ఎవరెవరు ఎంత కోశారో చూసుకోండి. పట్టాదారు పాసుపుస్తకం, 1బీ, అడంగల్ లేదా పహాణీ, తక్‌పట్టీలు, ఎరువుల బిల్లులు రిటర్న్‌కు జత చేయనక్కర్లేదు. అడిగితే చూపడానికి ఇంట్లో ఒక సంచిలో భద్రంగా ఉంచండి. పోర్టల్ పాస్‌వర్డ్ నెట్ సెంటర్‌లో వదిలి రాకండి, ఫోను నంబరు, మెయిల్ మీవే పెట్టించండి. రిటర్న్ వేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో ధ్రువీకరించాలి. అది చేయకపోతే వేసిన రిటర్న్ వేయనట్టే లెక్క. రీఫండ్ పడే ఖాతా పోర్టల్‌లో ధ్రువీకరించి ఉండాలి, ఖాతాలో పేరు, పాన్‌లో పేరు ఒకటే ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక ఉండి రీఫండ్ ఆగిన సందర్భాలు మన దగ్గర తక్కువేం కాదు.